బస్సెక్కిన సన్యాసినులు: ఒక చిన్న సంఘం అండదండలు కూడగట్టిన తీరు



అంతర్జాలం ద్వారా విరాళాలు, మద్దతు కూడగట్టడం ఎలాగో చెప్పమని నన్ను ఆదేశించారు. ఆ మాటకు వచ్చేముందు చందా పుస్తకం నాటి సంగతి ఒకటి మనవి చేస్తాను. ఇరవై ఏళ్ల కిందట సరిహద్దు పల్లె ఒకదానిలో బడికి తెలుగు ఉపాధ్యాయుణ్ణి వేయించాలని మేము నలుగురం ఇల్లిల్లూ తిరిగాము. ఒక చేతిలో రసీదు పుస్తకం, మరొక చేతిలో విన్నపపత్రం. జనం పదీ ఇరవై ఇచ్చారు, సంతకాలూ చేశారు. పత్రాన్ని అధికారులకు అందజేసి మా పని అయిందనుకున్నాము. మరుసటి ఏడు మరో పనికి అదే వీధిలో అడుగుపెడితే ఒక ముసలమ్మ అడ్డుపడి అడిగింది: "పది రూపాయల మాట అడగను నాయనా. నేను వేసిన వేలిముద్ర ఏమాయ?"

నా దగ్గర జవాబు లేదు. డబ్బుకు రసీదు ఇచ్చాము గానీ వేలిముద్రకు ఇవ్వలేదు. ఆ తప్పు ఎవరిదో కాదు, మాదే. చందా పుస్తకం పోయి సెల్‌ఫోను వచ్చినా ఆ ప్రశ్న మాత్రం మారలేదు. నేటి నా ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు దూరదేశపు సంఘాన్ని ఒకదానిని తీసుకుంటున్నాను. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఉన్న ఆ సంఘం పేరు నెట్‌వర్క్. కతోలిక సన్యాసినులు స్థాపించినది. మతవిశ్వాసం పునాదిగా పేదల పక్షాన చట్టసభతో వాదించడం దాని పని. దాని విశ్వాసాన్ని గాని, రాజకీయాన్ని గాని మనం ఒప్పుకోవలసిన అవసరం లేదు. చిన్న సంఘం పెద్ద గొంతుతో ఎలా మాట్లాడగలిగిందన్నదే మనకు కావలసిన సంగతి.

1971 డిసెంబరులో వాషింగ్టన్‌లోని ట్రినిటీ కళాశాలలో 47 మంది సన్యాసినులు సమావేశమయ్యారు. వారిలో బడులు నడిపినవారు, ఆసుపత్రులలో సేవ చేసినవారు ఉన్నారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం ఎంత అవసరమో, ఆకలికి కారణమయ్యే చట్టాన్ని మార్చమని అడగడమూ అంతే అవసరమని వారు తీర్మానించుకున్నారు. 1972 ఏప్రిల్‌లో ఇద్దరితో కార్యాలయం తెరిచారు. దాని తొలి సారథి సిస్టర్ కెరొల్ కోస్టన్. ఆమెకు 2001లో అమెరికా అధ్యక్షుని పౌరపతకం లభించింది.

ఇటువంటి సంఘానికి ఉండే కష్టం మామూలు ధర్మసంస్థకు ఉండదు. అనాథాశ్రమానికి అడిగితే పిల్లల ముఖం చూసి ఇస్తారు. గుడికి అడిగితే దేవుని ముఖం చూసి ఇస్తారు, పాలరాతి పలకపై పేరూ చెక్కుతారు. కాని "చట్టసభ సభ్యుణ్ణి కలిసి మాట్లాడటానికి డబ్బివ్వండి" అంటే ఎవరి ముఖం చూసి ఇవ్వాలి? ఫలితం ఏళ్ల తరబడి కనబడదు. కనబడినా అది ఎవరి శ్రమవల్ల వచ్చిందో నిరూపించలేము. పైగా మతం పేరు చెప్పుకొని ప్రభుత్వాన్ని అడిగే సంఘానికి ఇరువైపులా ఇబ్బందే. మతపెద్దలు రాజకీయమెందుకంటారు, రాజకీయులు మతమెందుకంటారు.

దీనికి అమెరికా చట్టం మరో చిక్కు చేర్చింది. అక్కడి పన్నుల చట్టంలో ధర్మకార్యాలకు, విద్యాకార్యాలకు పరిమితమైన సంస్థలు ఒక తరగతి. వాటికిచ్చిన విరాళంపై దాతకు పన్ను మినహాయింపు ఉంటుంది, కాని చట్టాల కోసం ఒత్తిడి తెచ్చే పనిని అవి కొద్ది మేరకే చేయాలి. ఆ పనిని మేర లేకుండా చేయగల సంస్థలు మరో తరగతి. వాటికిచ్చిన విరాళంపై మినహాయింపు లేదు. అందుకే నెట్‌వర్క్ రెండు సంస్థలుగా నడుస్తున్నది. చట్టసభతో వాదించే సంస్థ వేరు, జనానికి విషయం బోధించే సంస్థ వేరు. ఏ పైకం ఏ పెట్టెలో వేయాలో దాతకు ముందే చెప్పవలసి ఉంటుంది. ఇది తలనొప్పిగా కనిపించవచ్చు గానీ, లెక్క శుభ్రంగా ఉంచుకోవడం దీనివల్ల అలవాటవుతుంది.

తొలి రోజులలో వారి పనిముట్లు ఉత్తరం, టెలిఫోను, సభ్యులకు పంపే పత్రిక. చట్టసభలో ఓటింగు దగ్గరపడితే ఒకరు పదిమందికి, ఆ పదిమంది మరో పదేసిమందికి ఫోను చేసేవారు. సభ్యచందాలే ఇంధనం. ఆ తరువాత అంతర్జాలం వచ్చింది. 1998లో కాలిఫోర్నియాకు చెందిన దంపతులు వెస్ బాయిడ్, జోన్ బ్లేడ్స్ ఒక్క వాక్యం విన్నపాన్ని ఈ-మెయిలు ద్వారా పంపితే కొద్ది రోజులలో లక్షకు పైగా సంతకాలు చేరాయి. మూవ్‌ఆన్ సంస్థ అలా పుట్టింది. 2001 అక్టోబరులో ఉత్తరాలలో ఆంత్రాక్సు విషపు పొడి పంపిన దుర్ఘటన తరువాత అమెరికా చట్టసభకు వచ్చే ప్రతి ఉత్తరాన్నీ శుద్ధి చేసి, పరీక్షించి గాని లోపలికి పంపలేదు. దానితో ఉత్తరం చేరడానికి వారాలు పట్టసాగింది. ఓటింగు రేపనగా ఉత్తరం వచ్చే నెల చేరితే ఏమి లాభం? అందువల్ల ఈ-మెయిలుకూ ఫోనుకూ ప్రాధాన్యం పెరిగింది. 2003, 2004 సంవత్సరాలలో హోవర్డ్ డీన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడినప్పుడు వేలాదిమంది చిన్న చిన్న మొత్తాలను అంతర్జాలం ద్వారా పంపారు. ధనికుల విందులు లేకుండానే నిధి సమకూర్చవచ్చునని అందరికీ తెలిసివచ్చింది.

ఇక 2012కు వద్దాం. ఆ ఏడు ఏప్రిల్ 18న వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం అమెరికా సన్యాసినుల నాయకత్వ మండలిని విమర్శిస్తూ ఒక పత్రం వెలువరించింది. ఆ పత్రంలో నెట్‌వర్క్ పేరు కూడా వచ్చింది. అప్పటికి ఆ సంఘంలో ఉన్నది తొమ్మిది మంది సిబ్బంది. సొంత మతపీఠమే వేలెత్తి చూపితే చిన్న సంఘం గతి ఏమిటి? భయపడి తలుపులు మూసుకోవచ్చు. కోపంతో కయ్యానికి దిగవచ్చు. "మమ్మల్ని అవమానించారు, ఆదుకోండి" అని జోలె పట్టవచ్చు. ఆనాటి సారథి సిస్టర్ సిమోన్ క్యాంప్‌బెల్, స్వయంగా న్యాయవాది, ఈ మూడూ చేయలేదు. దేశమంతా తమ వైపు చూస్తున్న ఆ గడియను తమ కోసం కాక, తాము ఎవరికోసం పనిచేస్తున్నారో వారికోసం వాడాలని సంకల్పించారు. ఒంటరిగా ఆలోచించక తోటి సంఘాలవారిని పిలిచి సాయమడిగారు. ఆ కూడికలో నుండి పుట్టినదే బస్సుయాత్ర.

2012 జూన్ మధ్యలో అయోవా రాష్ట్రం నుండి బయలుదేరి, తొమ్మిది రాష్ట్రాల మీదుగా 2,700 మైళ్లు, అంటే దాదాపు 4,300 కిలోమీటర్లు తిరిగి, జులై 2న ఆ బస్సు వాషింగ్టన్ చేరింది. పాల్ రయన్ రూపొందించగా దిగువసభ ఆమోదించిన బడ్జెటులో పేదల ఆహార సహాయం వంటి పథకాలకు పెట్టిన కోతను వ్యతిరేకించడం యాత్ర లక్ష్యం. దారిలో సన్యాసినులు నడిపే అన్నదాన కేంద్రాలు, ఆశ్రయాల వద్ద ఆగారు. చట్టసభ సభ్యుల కార్యాలయాల మెట్లెక్కారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో సాక్షాత్తు రయన్ గారి కార్యాలయానికీ వెళ్లారు. ఆ ఏడు సెప్టెంబరులో డెమొక్రాటిక్ పార్టీ జాతీయ మహాసభలో క్యాంప్‌బెల్ ప్రసంగించారు. 2022లో ఆమెకు అమెరికా అత్యున్నత పౌరపురస్కారం లభించింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ బడ్జెటు ఎగువసభలో నెగ్గలేదు. అది ఈ బస్సువల్లనే ఆగిందని చెప్పడం అబద్ధమవుతుంది. ఎగువసభలో అధికపక్షం వేరుగా ఉండటమే అసలు కారణం. గెలుపును సొంతం చేసుకునే ఆత్రంలో మనం ఇటువంటి అబద్ధాలు సులువుగా ఆడతాము. ఈసారికి చందాలు రాలవచ్చు, మరోసారికి నమ్మకం పోతుంది.

ఇదే 2012లో మరొక కథ నడిచింది. మార్చి 5న ఇన్‌విజిబుల్ చిల్డ్రన్ అనే సంస్థ "కోనీ 2012" పేరిట అరగంట చిత్రాన్ని అంతర్జాలంలో విడుదల చేసింది. పిల్లలను ఎత్తుకుపోయి సైనికులుగా మార్చిన జోసెఫ్ కోనీ అనే నాయకుణ్ణి పట్టించాలన్నది దాని పిలుపు. ఆరు రోజులలో పది కోట్ల వీక్షణలు దాటాయి. డబ్బు ప్రవాహంలా వచ్చింది. దానితోపాటే ప్రశ్నలూ వచ్చాయి. కోనీ దళం 2006 నాటికే ఉగాండా విడిచిపోయిన సంగతిని ఎందుకు మరుగుపరచారు? విరాళంలో ఎంత భాగం చిత్రాలకు, ఎంత భాగం బాధితులకు? ఉగాండా ప్రజలలోనే పలువురు ఆ చిత్రాన్ని చూసి నొచ్చుకున్నారు. ఏప్రిల్ 20న రాత్రి ఊరూరా గోడపత్రికలు అంటించాలన్న పిలుపుకు వీధుల్లోకి వచ్చినవారు కొద్దిమందే. వాటికన్ పత్రం వెలువడిన రెండు రోజులకే ఇది జరిగింది. 2014 చివరికల్లా ఆ సంస్థ తన కార్యకలాపాలలో చాలా భాగం మూసివేస్తున్నట్లు ప్రకటించింది.

పది కోట్ల కళ్లు పడిన సంస్థ రెండున్నర ఏళ్లలో కుంచించుకుపోయింది. తొమ్మిది మంది సిబ్బందితో ఉన్న సంఘం నేటికీ పనిచేస్తున్నది. తేడా సాంకేతికతలో లేదు. ఇద్దరికీ అంతర్జాలం ఒకటే. నా ఉద్దేశంలో తేడా ఇది: చిత్రం చూసినవారిలో ఎక్కువమంది ఒక కథకు కదిలి వచ్చినవారు. కథ ముగియగానే వెళ్లిపోయారు. బస్సుకు ఎదురొచ్చి నిలిచినవారిలో నలభై ఏళ్లుగా ఆ సన్యాసినులను బడిలో, ఆసుపత్రిలో, అన్నదానశాలలో చూసినవారు ఉన్నారు. అంతర్జాలం ఉన్న బంధాన్ని వేగంగా మోసుకుపోతుంది. లేని బంధాన్ని పుట్టించడం దానికి చేతకాదు.

మరి మనం ఏమి చేయాలి? నాకు తోచిన నాలుగు సంగతులు విన్నవిస్తాను.

మొదటిది: పైకం అడిగేముందు పని అడగండి. ఒక ఉత్తరం రాయమనండి, తమ ప్రతినిధికి ఒక ఫోను చేయమనండి, ఒక సభకు రమ్మనండి. పని చేసినవాడు అది తన పని అనుకుంటాడు. ఆ తరువాత తానే "ఖర్చుకు ఏమి చేస్తున్నారు?" అని అడుగుతాడు. పని అడిగేటప్పుడు కూడా అచ్చుగుద్దిన వాక్యాలు పంపి "ఇక్కడ నొక్కండి" అనడం కన్నా, సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాయమనడం మేలు. ఒకే మూసలో పోసిన వెయ్యి మెయిళ్లను అధికారి ఒక్కటిగానే చూస్తాడు. వేరువేరు ఇళ్ల గోడు చెప్పే పది ఉత్తరాలను పదిగా చూస్తాడు.

రెండవది: చిన్న మొత్తాన్ని చిన్నచూపు చూడకండి, కాని దాని లెక్క తెలుసుకోండి. అమెరికాలో కార్డు ద్వారా విరాళం తీసుకునే సంస్థలకు చాలాకాలం అమలులో ఉన్న మామూలు రుసుము నూటికి 2.9 వంతున, పైన 30 సెంట్లు. అయిదు డాలర్ల విరాళంలో దాదాపు 45 సెంట్లు, అంటే నూటికి తొమ్మిది వంతులు దారిలోనే పోతాయి. వంద డాలర్లలో పోయేది మూడు డాలర్ల 20 సెంట్లే. మన దేశంలో ఆ బాధ తగ్గింది. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో 2020 జనవరి నుండి ఆ తరహా రుసుమును తీసివేశారు. పది రూపాయలు పంపినా పది రూపాయలూ చేరతాయి. ఇంటింటా గుప్పెడు బియ్యం ఎత్తిపెట్టి వారాంతాన సంఘానికిచ్చే అలవాటు మన పల్లెలకు కొత్త కాదు. నెలనెలా ఇరవై రూపాయలు పంపే రెండువందల మంది ఉంటే నెలకు నాలుగువేల రూపాయల నికర రాబడి. ఏడాదికొకసారి అయిదు వేలిచ్చి అధ్యక్షపీఠం అడిగే దాత కన్నా వారు సంఘానికి గట్టి దన్ను.

మూడవది: చట్టాన్ని ముందే తెలుసుకోండి. సంఘం పేర విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి. కార్యదర్శి సొంత ఫోను నంబరుకు చందాలు పంపించుకోవడం ఎంత నిజాయతీపరుడైనా చేయరాని పని. 80జి పేరుతో మనకు పరిచయమైన పన్ను మినహాయింపు అన్ని సంఘాలకూ ఉండదు. లేనప్పుడు ఉన్నట్లు భ్రమ కలిగించరాదు. ఇక విదేశాలలోని మన బంధువుల సంగతి. భారత పౌరుడుగానే ఉంటూ అక్కడ ఉద్యోగం చేస్తున్నవాడు తన సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవాడు, మన రక్తమే అయినా, చట్టం దృష్టిలో విదేశీ దాతే. అతని నుండి తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని తప్పనిసరి. 2020 సవరణతో ఆ పైకం తొలుత ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. అమెరికాలో ఉన్న మేనల్లుడు ప్రేమతో పంపిన వంద డాలర్లు సంఘాన్ని కేసులపాలు చేయగలవు. ఈ తేడా తెలియక చిక్కులలో పడవద్దని నా మనవి.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: పేర్ల పట్టీని పవిత్రంగా చూడండి. అంతర్జాల యుగంలో సంఘానికి నిజమైన ఆస్తి భవనం కాదు, పేర్ల పట్టీ. ఎవరు, ఏ ఊరివారు, ఏ పనికి ముందుకొచ్చారు, ఏమి ఇచ్చారు, తిరిగి మనం వారికి ఏమి చెప్పాము, ఇవన్నీ అందులో ఉండాలి. దానిని ఎన్నికల వేళ ఏ పార్టీకో అప్పగించడం నమ్మకద్రోహం. మతం పునాదిగా ఉన్న సంఘాలకు ఇది మరింత వర్తిస్తుంది. ఎవరు ఏ విశ్వాసానికి చెందినవారో, ఏ విన్నపంపై సంతకం చేశారో బయటపడితే కొన్ని చోట్ల బ్రతుకుకే ముప్పు. 2023లో మన దేశంలోనూ వ్యక్తిగత సమాచార పరిరక్షణకు చట్టం చేశారు. చట్టం లేకపోయినా మర్యాద ఉన్నది కదా!

ఆ పట్టీలోని వారితో వారి నుడిలోనే మాట్లాడండి. తెలుగులో గోడు చెప్పుకొన్న మనిషికి ఇంగ్లీషులో రసీదు పంపితే, ఆమె దానిని చదివించుకోవడానికి మరొకరి గడప తొక్కాలి. తెలుగు అక్షరాలు నేడు ప్రతి ఫోనులోనూ కనబడుతున్నాయి. చదవలేనివారికి మన గొంతుతో నాలుగు మాటలు పంపగలము. ఇక సాకు లేదు.

చివరగా ఒక హెచ్చరిక. అంతర్జాలంలో భయానికీ కోపానికీ త్వరగా చందాలు రాలుతాయి. "ఈ రాత్రి లోగా ఇవ్వకపోతే సర్వనాశనం" అని రాస్తే రేపటికి కొంత పైకం చేరుతుంది. రోజూ అదే రాస్తే జనానికి చెవులు మొద్దుబారతాయి, మనకు మనసు మొద్దుబారుతుంది. బాధితుని కన్నీటి బొమ్మను అతని అనుమతి లేకుండా తిప్పి చందాలు పోగుచేయడమూ అటువంటిదే. ఎవరి పక్షాన నిలబడ్డామో వారిని వస్తువులుగా మార్చిన తరువాత సంఘం మిగలవచ్చు గానీ, దాని ఆశయం మిగలదు.

మిత్రులారా! ఆనాటి ముసలమ్మ ప్రశ్నకు నేను చాలా ఆలస్యంగా జవాబు నేర్చుకున్నాను. పత్రం అందజేసిన రోజే వెనుదిరిగి వెళ్లి, "అమ్మా, నీ వేలిముద్ర ఫలానా అధికారి బల్లపై ఉన్నది. ఆయన ఇంకా కదలలేదు. వచ్చే నెల మళ్లీ వెళుతున్నాము, నువ్వూ రా" అని చెప్పవలసింది. పని కాకపోయినా చెప్పవలసింది. ఓడిపోయామని చెప్పినా ఆమె తలుపు మూసేది కాదు. చెప్పకపోవడం వల్లనే మూసింది. ఆనాడు దానికి ఎండలో మూడు మైళ్లు నడవాలి. ఈనాడు ఒక నిమిషం చాలు. ఆ నిమిషం కూడా వెచ్చించలేకపోతే లోపం మన దగ్గర ఉన్న యంత్రంలో కాదు, మనలో ఉన్నట్లు.

ఈ సభ ముగిసి ఇళ్లకు వెళ్లాక విరాళం కోసం కొత్త పిలుపు రాయకండి. కిందటిసారి ఇచ్చినవారి పట్టీ తీసి, వారి సంతకం ఏమైందో చెబుతూ ఒక్కొక్కరికీ నాలుగు ముక్కలు రాయండి. తరువాతి మాట వారే అడుగుతారు.